యాక్సెస్ పాయింట్లను కంట్రోలర్‌కు కలిపే ముందు జాగ్రత్తలు

ముందుగా కంట్రోలర్ (వైఫై యాక్సెస్ పాయింట్లన్నిటినీ నడిపే పరికరం) టైమ్ చూడండి. తేదీ తప్పుగా ఉంటే సర్టిఫికెట్ (పరికరాలు ఒకదాన్నొకటి నమ్మేందుకు చూపే డిజిటల్ గుర్తింపు) చెల్లదు, యాక్సెస్ పాయింట్ ఎన్నిసార్లు ప్రయత్నించినా చేరదు. చాలామంది దీన్ని చివర్లో చూస్తారు, అప్పటికి సగం రోజు పోతుంది. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా టైమ్ సరిచేసే ఏర్పాటు) పెట్టాకే మిగతా పని.

కంట్రోలర్ అడ్రస్ యాక్సెస్ పాయింట్‌కు ఎలా తెలుస్తుందో తేల్చుకోండి. రెండూ ఒకే సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక భాగం) అయితే బ్రాడ్‌కాస్ట్ (ఆ భాగంలోని అన్ని పరికరాలకూ పంపే సందేశం) సరిపోతుంది. బ్రాడ్‌కాస్ట్ రూటర్ దాటదు కాబట్టి, వేరే సబ్‌నెట్ అయితే డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు ఇచ్చే సేవ)లో కంట్రోలర్ అడ్రసు చెప్పే ఆప్షన్ 43 గానీ, డీఎన్‌ఎస్ (పేరును బట్టి అడ్రసు చెప్పే సేవ) ఎంట్రీ గానీ ఉండాలి. ఆప్షన్ 43 రాసే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. సిస్కోలో అది ఎఫ్1తో మొదలై, ఆ తర్వాత పొడవు, ఆపైన కంట్రోలర్ ఐపీ అడ్రసు హెక్స్‌లో (0-9, ఎ-ఎఫ్‌లతో రాసే సంఖ్యా పద్ధతిలో) వస్తాయి. ఒక్క అంకె తప్పినా యాక్సెస్ పాయింట్ వేరే అడ్రసును వెతుకుతుంది.

క్యాప్‌వ్యాప్ (యాక్సెస్ పాయింట్, కంట్రోలర్ మాట్లాడుకునే ప్రోటోకాల్) వాడుతుంటే ఫైర్‌వాల్‌లో యూడీపీ పోర్టులు 5246 (కంట్రోల్), 5247 (డేటా) రెండూ తెరవండి. రెండోది మర్చిపోతే జాయిన్ మొదలైనా కనెక్షన్ నిలవదు.

స్విచ్ పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు ఇచ్చే) సామర్థ్యం, కంట్రీ కోడ్ (ఏ దేశపు రేడియో నియమాలు పాటించాలో చెప్పే సెట్టింగ్), లైసెన్సులు కూడా చూసుకోండి.

కంట్రోలర్‌తో సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా ఉంటే యాక్సెస్ పాయింట్ కొత్త ఇమేజ్ (సాఫ్ట్‌వేర్ ఫైల్) దించుకుని రీబూట్ అవుతుంది. టెన్షన్ పడి మధ్యలో పవర్ తీయకండి. ముందు ఒక్కదాన్ని కలిపి చూసి, తర్వాతే మిగతావి కలపండి.