ఫోటోలో గురుగ్రహం తెల్లటి బంతిలా వస్తుంటే నేనేం చేశానంటే

ఆరంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకునే రకం టెలిస్కోప్) కొన్న కొత్తలో కంటికి గురుడి చారలు రెండూ చక్కగా కనిపించేవి, ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) దగ్గర ఫోన్ పెడితే మాత్రం తెల్లటి బంతి, పక్కన నాలుగు చుక్కలు, అంటే దాని చందమామలు. ఫోన్ కెమెరా పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. తప్పంతా ఆటో ఎక్స్‌పోజర్‌ది: చుట్టూ ఆకాశం నల్లగా ఉందని వెలుతురు పెంచేస్తోంది. గ్రహం మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి, వెలుతురు బాగా కిందికి లాగితే చారలు వచ్చేశాయి.

తర్వాత తమ్ముడి డీఎస్‌ఎల్‌ఆర్ తగిలిస్తే అసలు ఫోకస్‌కే రాలేదు, మధ్యలో బార్లో లెన్స్ (బొమ్మను పెద్దది చేసేది) పెడితే గానీ కుదరలేదు. వందల ఫోటోలు తీశా, అన్నీ మసకే. గాలి కదలికకు బొమ్మ నీళ్లలో రూపాయి బిళ్లలా వణుకుతుంటే ఒక్క ఫోటో ఏం చేస్తుంది? చివరికి చిన్న సెన్సర్ ఉన్న ప్లానెటరీ కెమెరాతో (గ్రహాలను తీయడానికి వాడేది) రెండు నిమిషాల వీడియో తీసి, ఆటోస్టాకెర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మంచి ఫ్రేములు మాత్రమే కలిపాను. అంతకన్నా ఎక్కువసేపు తీయను, గురుడు 10 గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు, చారల్లో వివరాలు అలుక్కుపోతాయి. నా టెలిస్కోప్‌కి ట్రాకింగ్ (గ్రహం వెంట దానంతటదే తిరగడం) లేదు కదా, గ్రహం ఫ్రేము దాటగానే చేత్తో తోయడమే.

అన్నట్టు, డాబా పగటి వేడిని రాత్రి పదింటిదాకా వదులుతూనే ఉంటుంది, ఆ వేడి గాలికీ బొమ్మ వణుకుతుంది. టెలిస్కోప్ చల్లబడేలా గంట ముందే బయట పెట్టి, పదకొండు దాటాక తీసిందే నా మంచి ఫోటో.