ఫోర్ బై ఫోర్ మొరాయిస్తే: ఏ రోడ్డు మీద ఏ లక్షణం, దానికి ఏం చేయాలి

బెంగళూరులో ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలూ లాగగలిగే బండి, కొన్న మనవాళ్లకు ఆ నాలుగింటినీ కలిపే రెండో లివర్‌తో పని ఎప్పుడో గానీ పడదు. సంక్రాంతికి ఊరెళ్లి చేలోకి దిగినప్పుడు, వానాకాలంలో సక్లేశ్‌పుర వైపు పోయినప్పుడు. మిగతా రోజులన్నీ సిల్క్ బోర్డు దగ్గర ఫస్ట్ గేరు, సెకండ్ గేరు. అందుకే వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి బండిలో లోపం ఉండదు. అక్కర్లేని రోడ్డు మీద లివర్ వేయడమో, వేసి మరిచిపోవడమో అయి ఉంటుంది.

ముందు మీ బండి ఏ రకమో తేల్చుకోండి. థార్, జిమ్నీ, గూర్ఖా లాంటివాటిలో మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. అది టూ హై. లివరో స్విచ్చో వేసి ఫోర్ హైకి మారిస్తే ముందు వెనకలు రెండూ ఒకే వేగంతో తిరిగేలా లాక్ అవుతాయి, వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. ఇవి పార్ట్ టైమ్ బండ్లు. గ్రాండ్ విటారా, కంపాస్, ఎక్స్‌యూవీ 700ల ఆల్ వీల్ డ్రైవ్ మోడళ్లు వేరు. వాటిలో ముందు చక్రాలు లాగుతాయి, అవసరం పడితే ఒక క్లచ్ వెనక చక్రాలకు కూడా బలం పంపుతుంది. కింద రాసినవాటిలో మొదటి రెండు సమస్యలూ దాదాపుగా మొదటి రకానివే.

బేస్‌మెంట్‌లో స్టీరింగ్ బిగుసుకుంటోంది, టైర్లు కీచుమంటున్నాయి

స్టీరింగ్ పూర్తిగా తిప్పి పార్కింగ్‌లోకి ఎక్కిస్తుంటే ఎవరో బ్రేకు తొక్కినట్టు బండి ఆగి ఆగి కదులుతుంది. కింద నుంచి టక్‌మని చప్పుడు. పవర్ స్టీరింగ్ పోయిందని సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసే ముందు డాష్‌బోర్డులో ఫోర్ హై లైటు వెలుగుతోందేమో చూడండి.

మలుపులో ముందు చక్రాలు పెద్ద వంపు తిరుగుతాయి, వెనకవి లోపలి నుంచి చిన్న వంపులో వస్తాయి. జిమ్నీ లెక్కే చూద్దాం. వీల్‌బేస్ 2,590 మి.మీ., టర్నింగ్ రేడియస్ 5.7 మీటర్లు. పూర్తిగా తిప్పి ఒక యూటర్న్ కొడితే ముందు ఇరుసు వెనక ఇరుసు కంటే సుమారు 2 మీటర్లు ఎక్కువ దూరం పోవాలి. ఆ బండి టైరు ఒక చుట్టు తిరిగితే వచ్చే దూరమూ ఇంచుమించు అంతే. అంటే ఒక్క యూటర్న్‌లో దాదాపు ఒక చుట్టు తేడా ఎక్కడో అక్కడ సర్దుకోవాలి. టూ హైలో ముందు చక్రాలు తమ మానాన తిరుగుతాయి కాబట్టి గొడవ లేదు. ఫోర్ హైలో ముందు వెనకలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ రెండింటినీ కట్టిపడేస్తుంది. మట్టి మీదైతే టైరు కాస్త జారి ఆ తేడాను తీర్చేస్తుంది. ఎండిన తారు, వైట్ టాపింగ్ చేసిన కాంక్రీటు జారనివ్వవు. అప్పుడు తేడా అంతా తడిబట్టను పిండినట్టు షాఫ్టుల్లో మెలికపడి కూర్చుంటుంది. టక్‌మనే చప్పుడు ఆ మెలిక ఒక్కసారిగా వదిలినప్పుడు వచ్చేదే.

టూ హైకి మార్చండి, పోతుంది. ఒకసారి జరిగితే కంగారు అక్కర్లేదు. అదే పనిగా నడిపితే మాత్రం టైర్లు అరగడంతో ఆగదు, ట్రాన్స్‌ఫర్ కేస్ చెయిన్, యూనివర్సల్ జాయింట్లు దెబ్బతింటాయి. ఆ బిల్లు చూశాక పెట్రోలు ధర చిన్నదిగా కనిపిస్తుంది.

లివర్ టూ హైకి రావట్లేదు, లైటు ఆరట్లేదు

పైదానికి ఇది తోబుట్టువే. మెలికపడిన బలం గేర్ల పళ్లను ఒకదానికొకటి గట్టిగా నొక్కి ఉంచుతుంది. లివర్‌ను రెండు చేతులతో లాగితే లోపల గేర్లను జరిపే ఫోర్కు వంగుతుంది తప్ప పళ్లు విడవవు.

స్టీరింగ్ నిటారుగా పెట్టి, నాలుగైదు మీటర్లు మెల్లగా రివర్స్ రండి. వస్తూనే యాక్సిలరేటర్ వదిలి లివర్ మార్చండి. చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది. కాకపోతే ఒక పక్క చక్రాలను రోడ్డు అంచు మట్టి మీదికి దించి కొంచెం ముందుకు పొండి, చక్రం జారి మెలిక విడిపోతుంది. స్విచ్చుతో మారే బండిలో లైటు మెరుస్తూనే ఉంటే కూడా ఇదే పద్ధతి. మట్టి మీద కూడా విడవకపోతే అప్పుడు మెకానిక్.

టైర్లు మార్చాక నేరుగా పోతున్నా బండి పట్టేసినట్టుంది

ఎంఆర్‌పీ చూసి రెండు టైర్లే కొత్తవి వేసుకున్నారా? కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మి.మీ. పాతది 3కి అరిగి ఉంటే వ్యాసార్ధంలో 5 మి.మీ. తేడా, చుట్టుకొలతలో 31. వినడానికి చిన్నదే, కానీ జిమ్నీ సైజు టైరు కిలోమీటరుకు 460 చుట్లు తిరుగుతుంది. ఫోర్ హైలో అది కిలోమీటరుకు 14 మీటర్ల పీకులాట. ఆల్ వీల్ డ్రైవ్ బండి కూడా దీని నుంచి తప్పించుకోలేదు. చక్రాలు జారుతున్నాయని కంప్యూటర్ భ్రమపడి క్లచ్‌ను ఊరికే పనిచేయిస్తుంది, అది వేడెక్కుతుంది.

నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకేసారి. టైర్లను క్రమం తప్పకుండా ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారుస్తుండండి. గాలి కూడా సరిచూడండి.

వానలో ఫోర్ హై వేసినా మలుపులో బండి బయటికి పోతోంది

బాగా అపార్థం చేసుకునేది ఇక్కడే. ఫోర్ బై ఫోర్ బండిని ముందుకు లాగడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు. బ్రేకు వేస్తే ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ పడుతుంది. సిగ్నల్ దగ్గర జారకుండా దూసుకెళ్లగలిగినంత మాత్రాన హెబ్బాళ ఫ్లైఓవర్ లూపులో అదే వేగంతో తిరగగలమని కాదు. ముందు టైరుకున్న పట్టు కొంతే. దానితోనే తిప్పాలి, దానితోనే లాగాలి అంటే తిప్పడానికి మిగిలేది తగ్గుతుంది. ముందు వెనకలు కట్టేసి ఉన్నప్పుడు బండి నేరుగానే పోవాలని చూస్తుంది.

మలుపుకు ముందే వేగం తగ్గించండి. బయటికి పోతుంటే స్టీరింగ్ ఇంకా తిప్పకండి, యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. తారు తడిసినంత మాత్రాన పార్ట్ టైమ్ బండికి ఫోర్ హై అక్కర్లేదు, మట్టి కొట్టుకొచ్చి పేరుకున్న చోట వేయండి. చట్టం 1.6 మి.మీ. వరకు టైరు ఒప్పుకుంటుంది, నా మటుకు వానాకాలానికి 3 కంటే తగ్గితే మార్చేయాల్సిందే. పెద్ద గాళ్ల మడ్ టెర్రెయిన్ టైర్లు చూడ్డానికి ఠీవిగా ఉంటాయి గానీ తడిసిన కాంక్రీటు మీద వాటి పట్టు తక్కువ.

కంకర రోడ్డు మీద వెనక భాగం ఊగుతోంది

ఫోర్ హై అసలు పుట్టింది దీనికోసమే. టూ హైలో బలమంతా వెనక రెండు చక్రాల మీదే పడి అవి పక్కకు జారతాయి. నాలుగింటికీ పంచితే బండి కుదురుగా నడుస్తుంది. కంకర మొదలయ్యే ముందే వేయండి, తారు రాగానే తీసేయండి.

బురదలో ఫోర్ హై వేసినా కదలట్లేదు

కిందికి దిగి చూడండి. ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూల చక్రం ఊరికే తిరుగుతుంటాయి. ముందు వెనకలు లాక్ అయినా, ఒకే ఇరుసుకున్న ఎడమ కుడి చక్రాల మధ్య డిఫరెన్షియల్ స్వేచ్ఛగానే ఉంటుంది. పట్టులేని వైపుకే అది తిప్పుడంతా వదిలేస్తుంది.

జిమ్నీలో తిరిగే చక్రానికి బండే బ్రేకు వేసి రెండో దానికి బలం పంపుతుంది. దానికి సమయమివ్వాలి, యాక్సిలరేటర్‌ను ఒకే స్థాయిలో పట్టి ఉంచండి. గూర్ఖాలో ఎడమ కుడి చక్రాలను కట్టేసే డిఫరెన్షియల్ లాకులు ముందూ వెనకా ఉన్నాయి. ముందుగా వెనకది వేయండి, వేశాక నేరుగా మాత్రమే పొండి. అనంతపురం, కర్నూలు వైపు నల్లరేగడిది మరో కథ. గాళ్లలో జిగురుగా ఇరుక్కుని టైరును నున్నగా చేసేస్తుంది. అక్కడ మెల్లగా పోవడం కంటే ఆగకుండా ఒకే ఊపులో దాటడమే మేలు. చక్రం సగం దిగబడిందంటే ఇంకా తిప్పకండి, పార తీయండి.

ఏటి ఇసుకలో హెచ్చరిక లైటు వచ్చింది, వెనక చక్రాలు లాగడం మానేశాయి

ఆల్ వీల్ డ్రైవ్ క్లచ్ వేడెక్కి తనను తాను కాపాడుకుంటోంది. బండి ఆపి చల్లారనివ్వండి. ఈలోగా టైర్ల గాలిని 18–20 పీఎస్ఐకి దించండి. నేలకు తాకే భాగం పెరిగి ఇసుకలో తేలుతుంది. మళ్లీ నేషనల్ హైవే 44 ఎక్కే ముందు గాలి నింపుకోవాలి, అందుకే చిన్న కంప్రెసర్ డిక్కీలో ఉండాలి.

నీళ్లు దాటాక ఇరుసు నుంచి చప్పుడు

2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యెమలూరు మునిగినప్పుడు ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. అలాంటి నీళ్లలో నాలుగు చక్రాలు లాగడం కంటే ఇంజను గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తులో ఉందన్నదే ముఖ్యం. థార్‌కు మహీంద్రా చెప్పే లోతు 650 మి.మీ., అదీ నిలకడ నీళ్లకు. పారే నీటిలో బండి తేలిపోవడానికి అంత లోతు అక్కర్లేదు.

దాటేశాక వచ్చే తంటా వేరు. పరుగుతో వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఇరుసులోకి గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టం బురదతో పూడుకుని ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లను పీల్చేస్తుంది. ఫిల్లర్ బోల్టు విప్పి ఆయిల్ చూపించమనండి. తెల్లబారి ఉంటే ముందు, వెనక ఇరుసుల్లోనూ ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనూ మార్పించి, బ్రీదర్ శుభ్రం చేయించండి.