ఫుడ్ బ్యాంకుకు ఏమివ్వాలి? క్లాసులో ఆటగా నేర్పడం ఎలా?

ఫుడ్ బ్యాంకుకు (సరుకులు సేకరించి అవసరమైనవారికి పంచే సంస్థకు) ఇవ్వడమంటే ఇంట్లో ఎవరూ ముట్టనిది ఇచ్చేయడం అనుకుంటారు చాలామంది పిల్లలు. ఆ ఆలోచన మార్చడానికి ఉపన్యాసం కన్నా రెండు ఆటలు నయం. ఆరు, ఏడు తరగతులకు బాగుంటాయి. రెండు పీరియడ్లు చాలు.

క్లాసులో 40 మంది ఉంటే ఎనిమిదేసి మందితో ఐదు జట్లు చేయండి. తలా రెండు ఖాళీ ప్యాకెట్లు (రవ్వ, కందిపప్పు, బిస్కెట్లు, పాలపొడి) తెమ్మనండి. పాత కాగితాలు కూరి, మూతి టేపుతో అంటించండి. అలా చేయకపోతే అన్నిటినీ ‘తెరిచిన ప్యాకెట్’ అని పక్కన పడేస్తారు. జట్టుకు 16 వస్తాయి. వాటిలో గడువు తీరినవి, చినిగినవి, లేబుల్ లేనివి నాలుగైదు ఉండేలా చూడండి.

మొదటి ఆటకు ‘ఇవ్వొచ్చు’, ‘ఇవ్వకూడదు’ అని రెండు బుట్టలు పెట్టండి. ఒక్కొక్కరు వచ్చి ప్యాకెట్ మీది తేదీ పైకి చదివి బుట్టలో వేయాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ‘ప్యాకింగ్ మార్చి 10’ అని, దాని కింద ‘బెస్ట్ బిఫోర్ 4 నెలలు’ అని ఉంటుంది. జూన్‌లో ఆడుతుంటే మార్చి చూడగానే పాడైందంటారు. నాలుగు నెలలు కలిపితే జులై 10 అని బోర్డు మీద వాళ్లచేతే లెక్క కట్టించండి. సరిగ్గా వేస్తే 1 మార్కు. గడువు తీరినది ‘ఇవ్వొచ్చు’లో పడితే 3 తీసేయండి, ఎందుకంటే దానివల్ల ఒకరి ఆరోగ్యం చెడొచ్చు. వేగానికి మార్కులు వద్దు. పెడితే ఎవరూ చదవరు.

రెండో ఆట నలుగురున్న కుటుంబానికి వారానికి సరిపడా సరుకుల సంచి నింపడం. దగ్గరి కిరాణా కొట్టు ధరలు బోర్డు మీద రాసి, జట్టుకు 600 రూపాయల ఉత్తుత్తి నోట్లు ఇవ్వండి. ముందు నూడుల్స్, బిస్కెట్లే కొంటారు. అప్పుడు ‘పప్పు వండాలంటే ఇంకేం కావాలి?’ అని అడగండి. ఉప్పు, చింతపండు, నూనె అప్పుడు గుర్తొస్తాయి. సంచి నిండాక ఒక చీటీ తీయించండి: ‘ఈ ఇంటికి రేషన్ బియ్యం వస్తున్నాయి’, ‘తాతగారికి షుగర్’. దాన్నిబట్టి సంచి సర్దుకోవాలి.

ఏ పిల్లవాడినీ పేదవాడి వేషం వేయించకండి. అలాంటి సాయం అందుకునే ఇళ్ల పిల్లలు అదే బెంచీ మీద కూర్చుని ఉండొచ్చు. కుటుంబం చీటీ మీదే ఉండాలి.

తర్వాత నిజంగా సేకరిస్తే, ముందు ఫుడ్ బ్యాంకుకు ఫోన్ చేసి ఏం తీసుకుంటారో కనుక్కోండి. వండిన అన్నం, కూరలు పిల్లల సేకరణలో వద్దు. వేడిగానో చల్లగానో ఉంచలేకపోతే గంటల్లో చెడిపోతాయి. పెట్టె మీద పేర్లు, ఎవరెంత ఇచ్చారో రాయకండి. గడువు దగ్గర పడ్డవి పైన పెట్టి అప్పగించండి.