తెహానో అకార్డియన్‌లో యూరప్ ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

తెహానోలంటే టెక్సస్‌లోని మెక్సికన్ మూలాల వాళ్లు. వాళ్ల సంగీతంలో యూరప్ ఎక్కడుందో వినాలంటే, యూట్యూబ్‌లో వాళ్ల అకార్డియన్ వాద్యకారుడు నార్సిసో మార్తీనెస్ 1936లో రికార్డు చేసిన 'లా చిచరోనెరా' పెట్టుకోండి. పాత రికార్డు, గరగర ఉంటుంది. ఇయర్‌ఫోన్స్ ఉంటే మేలు.

మొదటిసారి అకార్డియన్ని అసలు పట్టించుకోకండి. కింద నడిచే బాహో సెస్తో మీద చెవి పెట్టండి. పన్నెండు తీగలుండే, గిటార్ లాంటి వాయిద్యం అది. వాయిస్తున్నది శాంతియాగో అల్మేడా. దుమ్-చక్, దుమ్-చక్. దుమ్‌కి తొడ మీద దెబ్బ వేయండి, చక్‌కి చెయ్యి ఎత్తండి. రెండు లెక్కల యూరప్ నాట్యం పోల్కా ఉందే, అదే దాని నడక. 1830లలో బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) ఊపందుకుంది. న్యూ బ్రౌన్‌ఫెల్స్, ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు స్థిరపడ్డ జర్మన్లు, వాళ్ల వెనక వచ్చిన చెక్‌లు టెక్సస్‌లో దీన్ని వాయించారు. అలాగని తెహానోలు అంతా వాళ్ల దగ్గరే నేర్చుకున్నారంటే నేనొప్పుకోను. 19వ శతాబ్దంలోనే మెక్సికోలో పెద్దిళ్లవాళ్లు పోల్కా ఆడేవారు.

రెండోసారి అకార్డియన్ వినండి. ఎడమచేతి బేస్ బటన్లు దాదాపు వినిపించవు. ఆ పని అల్మేడాకి వదిలేసి, మార్తీనెస్ కుడిచేత్తో రాగం మీదే పడ్డాడు. ఇప్పుడు ఏదైనా జర్మన్ బ్యాండ్ పోల్కా పెట్టి చూడండి. అక్కడ దుమ్ ట్యూబాది, అంటే పెద్ద ఇత్తడి బాకాది. నడక ఒకటే, మోసేవాళ్లు వేరు.

నేను హార్మోనియం వాయిస్తాను కాబట్టి నా చెవి తిత్తి మీదికి పోతుంది. మన హార్మోనియంలో తిత్తి ఎలా కొట్టినా ఒక మెట్టుకి ఒకటే స్వరం. ఈ బటన్ అకార్డియన్‌లో తిత్తి నొక్కితే ఒక స్వరం పలికే బటనే, లాగితే ఇంకో స్వరం పలుకుతుంది. స్వరాలు అలా తెగి తెగి, చురుగ్గా పడటానికి ఇదీ ఒక కారణం. అక్కడివాళ్లు ఎక్కువగా వాడింది జర్మనీలోని ట్రోసింగెన్ నుంచి వచ్చిన హోనర్ కంపెనీ అకార్డియన్ పెట్టెలు.

తర్వాత వేరే పాటలకి వెళ్లండి. మూడు లెక్కకి సరిపోతే రెదోవా గానీ వాల్స్ గానీ కావచ్చు, ఇవీ యూరప్ నుంచి వచ్చిన నాట్యాలే. పోల్కా కన్నా నిదానంగా, ఆగి ఆగి నడిస్తే చోతీస్, అదీ యూరప్‌దే. ఉవాపాంగో వస్తే మాత్రం పోల్కా చుట్టరికం వెతక్కండి, అది మెక్సికో సొంత నడక.

చివరికి, తర్వాతి తరం తెహానో అకార్డియన్ వాద్యకారుడు ఫ్లాకో హిమెనెస్‌ని వినండి. అప్పటికి డ్రమ్స్, బేస్ గిటార్ చేరాయి, కాబట్టి బాహో సెస్తోని మళ్లీ వెతుక్కోవాలి. దుమ్ బేస్‌కి పోయింది, దీనికి మిగిలింది ఎక్కువగా చక్.