హిందీ నేర్చుకుందాం – 14వ పాఠం: మిల్‌నా

పోయిన పాఠంలో 'నే' ప్రత్యయం చూశాం. ఈసారి ఒకే ఒక్క క్రియ, మిల్‌నా. 'కలవడం' అని బట్టీ పట్టేస్తే సరిపోదు. దాని ముందు ఏ విభక్తి ఉందో చూడాలి. అర్థం అక్కడే తేలుతుంది.

ముందు తేలికైనది, 'మేఁ'. తుంగభద్రా కృష్ణా మేఁ మిల్‌తీ హై. తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. సంగమేశ్వరం చూసినవాళ్లకు ఈ వాక్యం ఇక మరుపు రాదు. మన 'లో' ఉన్నచోట 'మేఁ' పెట్టండి, అంతే.

'సే' దగ్గరే మనవాళ్లు తడబడతారు. "రవిని కలిశాను" అనే అలవాటు కొద్దీ "రవి కో మిలా" అనేస్తారు. ప్రామాణిక హిందీలో "మైఁ రవి సే మిలా" అనాలి. మాట్లాడేది ఆడవాళ్లయితే "మిలీ". "మంత్రితో భేటీ అయ్యారు" అని పేపర్లో చదువుతాం కదా, ఆ 'తో'ను గుర్తు పెట్టుకుంటే 'సే' దానంతటదే వస్తుంది. ఇది అకర్మక క్రియ కాబట్టి గతకాలంలో కూడా 'మైఁనే' వాడకూడదు. పోలికలు చెప్పడానికీ ఇదే 'సే': ఉస్‌కీ శకల్ మాఁ సే మిల్‌తీ హై. ముఖం తల్లి పోలిక అని.

మూడోది 'కో', అంటే ముఝే, ఉసే, రవి కో. ఇక్కడ అర్థం దొరకడం, అందడం. ముఝే నౌకరీ మిలీ: నాకు ఉద్యోగం దొరికింది. వాక్యం కట్టే తీరు అచ్చం తెలుగుదే. క్రియ మాత్రం దొరికిన వస్తువును బట్టి మారుతుంది: కితాబ్ మిలీ, పైసే మిలే, సీట్ నహీఁ మిలీ. పొందినవాళ్లు ఆడా మగా అన్నదానితో పని లేదు. హైదరాబాద్‌లో 'మేరేకు మిలా' అని వింటుంటారు. అది దఖ్నీ. దాని అందం దానిది, పరీక్షలో మాత్రం 'ముఝే' రాయండి.

మనం కలిపితే మిలానా. ఇది సకర్మకం, 'నే' వస్తుంది: మైఁనే చాయ్ మేఁ చీనీ మిలాయీ. హాథ్ మిలానా అంటే చేయి కలపడం. మిలావట్ అంటే కల్తీ.

అభ్యాసం. హిందీలో రాయండి:
రేపు నేను డాక్టర్‌ను కలుస్తాను.
ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది.
అతను పాలలో నీళ్లు కలిపాడు.
నాకు ఇంకా జీతం రాలేదు. (ఇక్కడ 'రావడం'కి 'ఆనా' వెతక్కండి. 'మిల్‌నా'తోనే ప్రయత్నించండి.)

జవాబులు 15వ పాఠం మొదట్లో ఉంటాయి.