వైజాగ్ వస్తున్నారా? అయితే పొద్దున్నే లేవాలి

మేముండేది పెదవాల్తేరులో. బీచ్‌కి నడిచి వెళ్లొచ్చు కాబట్టి చుట్టాల్లో ఎవరు వైజాగ్ బయల్దేరినా ముందు నాకే ఫోన్ చేస్తారు. "వదినా, రెండు రోజులుంటాం. అరకు, బొర్రా గుహలు, సింహాచలం, రుషికొండ, భీమిలి... ఏది ముందు పెట్టుకోమంటావ్?" అని. నేను మొహమాటం లేకుండా ముందు అరకు కొట్టేస్తాను. పోనూ రానూ ఒక రోజంతా దానికే పోతుంది. మూడో రోజు చేతిలో ఉంటే సరే, పొద్దున్నే కిరండూల్ రైలెక్కండి. అద్దాల బోగీ కావాలంటే టికెట్ ముందుగానే చేయించుకోవాలి. రెండు రోజులే అయితే మాత్రం ఊళ్లో ఉండండి. వచ్చేది సముద్రం కోసమే కదా!

ఆ సముద్రాన్ని చూడాల్సింది పొద్దున. మనది తూర్పు తీరం. సూర్యుడు నీళ్లలోంచి లేచి, సాయంత్రం కొండల వెనక దిగిపోతాడు. సూర్యాస్తమయం ఫొటోల కోసం ఆరింటికి ఆర్కే బీచ్‌కి వచ్చేవాళ్లకి నల్లబడుతున్న నీళ్లు, జనం తప్ప ఏమీ దొరకవు. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లకి ఇది బాగా కలిసొస్తుంది. రైలు తెల్లవారుజామున దింపేస్తుంది, హోటల్ వాళ్లేమో మధ్యాహ్నం దాకా రూము ఇవ్వరు. రిసెప్షన్లో సామాన్లు పెట్టేసి నేరుగా బీచ్‌కి వచ్చేయండి.

నీళ్లలో దిగే ముందు ఒక్క పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. అలలు విరిగే చోట తెల్లటి నురగ ఉంటుంది. ఆ నురగల మధ్య ఒక పాయలా, అల పెద్దగా లేకుండా, ఇసక కలిసిన రంగులో నీళ్లు కనిపిస్తే అక్కడికి వెళ్లొద్దు. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే "ఇక్కడ అలలు తక్కువ" అంటూ పిల్లల్ని దింపుతారు. ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయేది ఆ దారినే. పొరపాటున అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఈత బాగా వచ్చినవాళ్లు కూడా అలాగే అలిసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకి తిరగాలి. ఈత రానివాళ్లు తేలుతూ చెయ్యెత్తి కేకేయాలి. ఒడ్డునున్నవాళ్లు కంగారులో వెనకే దూకేయకుండా లైఫ్‌గార్డుల్ని పిలవాలి. ఆర్కే బీచ్‌లో మోకాళ్ల దాకా చాలు. యారాడలోనూ అంతే, అక్కడ అలలు మరీ మొరటు. స్నానమే ముఖ్యమంటే రుషికొండకి వెళ్లండి, లైఫ్‌గార్డులుండే చోటే దిగండి. ఎర్రజెండా ఎగురుతుంటే అక్కడా దిగకండి.

ఎండెక్కాక ఇంటికో హోటల్‌కో వెళ్లి కాసేపు పడుకోండి. మధ్యాహ్నం దాటాక కురుసుర సబ్‌మెరైన్. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన అసలు సబ్‌మెరైన్ ఇది, ఒడ్డుకి లాగి 2002లో మ్యూజియం చేశారు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలాంటి తలుపులోంచే పోవాలి. ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, తర్వాత రెండో కాలు లాక్కోవాలి. చీర కట్టుకుంటే మహా ఇబ్బంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బయటే కూర్చోబెట్టండి. డెబ్బై మందికి పైగా మనుషులు, ఇరవై రెండు టార్పెడోలు ఆ ఇరుకులోనే ఉండేవట. మా మేనల్లుడు అక్కడి మంచం వెడల్పు జానలతో కొలిచి చూసి, ఇంటికొచ్చాక తన గది చిన్నదని మళ్లీ గొడవ చెయ్యలేదు. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది, అదీ ఎక్కి చూడొచ్చు.

చీకటి పడ్డాక బీచ్ రోడ్డు తిండికి బాగుంటుంది. మురీ మిక్చర్ తినకుండా వెళ్లకండి. బండివాడు మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, వేరుశనగలు వేసి నిమ్మకాయ పిండి గబగబా కలిపి ఇస్తాడు, మెత్తబడక ముందే తినేయాలి. చేపల వేపుడు కావాలంటే రేటు ముందే అడగండి, మూకుడులో నూనె రంగు కూడా ఒకసారి చూడండి.

రెండో రోజు భీమిలి రోడ్డు. దారిలో తొట్లకొండ ఎక్కండి. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. పైనుంచి సముద్రం చూస్తుంటే సన్యాసులు చోటు బాగానే ఎంచుకున్నారనిపిస్తుంది. భీమిలిలో డచ్చి వాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూసి, తిరుగు దారిలో నాలుగింటికల్లా కైలాసగిరి చేరుకోండి. ఆదివారం రోప్‌వే దగ్గర క్యూ చూస్తే నీరసమొస్తుంది, రోడ్డు మీదుగా కూడా పైకి పోవచ్చు.

ఇంతకీ ఎప్పుడు రావాలంటే, డిసెంబరు, జనవరి. మే నెలలో ఎండ కన్నా ఉక్కపోత చంపుతుంది. అక్టోబరు, నవంబరు బాగానే ఉంటాయి కానీ తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. ఆ నెలల్లో టికెట్లు చేయించుకుంటే వాతావరణ వార్తల మీద ఓ కన్నేసి ఉంచండి.

యారాడ వెళ్తానని పట్టుబడితే ఆటో రానూపోనూ మాట్లాడుకోండి, వెయిటింగ్ కూడా కలిపి. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి అవతలికి దిగాక తిరుగు ఆటో దొరకడం కష్టం. దొరికినా వాడు చెప్పిందే రేటు. డబ్బులు మొత్తం దిగగానే ఇవ్వకండి, మళ్లీ ఊళ్లోకి వచ్చాకే ఇవ్వండి.