శిబిరానికి వెళ్తున్నారా? ఎవరిచేతా ఏమీ చెప్పించకండి

మొన్న ఒక వరద సహాయక శిబిరంలో కళ్లారా చూశాను. స్విచాఫ్ అయిన ఫోన్‌ను రెండు చేతుల్తో పట్టుకుని ఒకావిడ గోడవారగా కూర్చుంది. ఎదురుగా నోటుపుస్తకంతో ఒక వాలంటీరు. "నీళ్లు ఎంతదాకా వచ్చాయమ్మా? అప్పుడు మీకేమనిపించింది?" మూడోసారి అడిగేసరికి ఆవిడ చేతులు వణకడం మొదలైంది. ఆవిడ వెతుకుతున్నది ఛార్జరు కోసం. కొడుకు ఫోన్ చేస్తాడేమోనని.

ఒత్తిడి గురించి మనస్తత్వవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో చెప్పింది ఇక్కడే అక్కరకొస్తుంది. ఆపద వచ్చినప్పుడు మనసు రెండు లెక్కలు వేస్తుందన్నారు. నాకు ఏం ముప్పు వచ్చింది? తట్టుకోవడానికి నా దగ్గర ఏముంది? మన చెయ్యి అందేది రెండో లెక్కకే. ఛార్జరు, అయినవాళ్ల కబురు, రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియడం, అన్నీ అందులో జమే. జరిగింది చెప్పమని గుచ్చి అడగడమంటే మొదటి లెక్కనే మళ్లీమళ్లీ వేయించడం.

"చెప్పుకుని ఏడిస్తే భారం దిగుతుంది" అని చాలామంది మంచి మనసుతోనే నమ్ముతారు. ఒకే విడతలో అంతా చెప్పించే డీబ్రీఫింగ్‌ను పరీక్షించి చూస్తే పీటీఎస్‌డీ (ఘోరమైన ఆపద తర్వాత ఆ జ్ఞాపకాలు వదలకుండా వేధించే మానసిక జబ్బు) రాకుండా ఆపలేదని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని వద్దంటోంది. తనంతట తాను చెబితే వినండి. చెప్పించకండి.

సరిదిద్దగలిగిన కష్టం వేరు, సరిదిద్దలేనిది వేరు. కాగితాలు కొట్టుకుపోతే నకళ్లకు అర్జీ రాసిపెట్టండి. మనిషే పోతే ఉపాయాలు చెప్పకండి, పక్కన కూర్చోండి.

ఇక మిగతావి.

"ప్రాణాలు దక్కాయిగా" అనకండి. వాళ్లు పోగొట్టుకున్నదాన్ని మీరు కొట్టిపారేసినట్టవుతుంది.

తెలియనిది తెలియదనండి. శిబిరంలో పుకారు క్షణాల్లో పాకుతుంది.

నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి.

పిల్లల్ని అయినవాళ్ల నుంచి విడదీయకండి.

ఫొటోలు వద్దు.

నిద్రమాత్రలు మీ చేత్తో ఇవ్వకండి.

మొదటి వారం నిద్రపట్టకపోతే జబ్బు పేరు పెట్టకండి. నెల దాటినా తగ్గకపోతేనే పీటీఎస్‌డీ మాట.

చచ్చిపోతానన్న మాట వినబడితే మాత్రం ఆ నెల కోసం ఆగకండి. ఒంటరిగా వదలకండి, వెంటనే వైద్యుల్ని పిలవండి.

నోటుపుస్తకం ఇంట్లో వదిలేయండి. మళ్లీ చెబుతున్నాను, చెప్పించకండి.

సంచిలో రెండు మూడు రకాల ఛార్జింగ్ కేబుళ్లు, నిండా ఛార్జ్ చేసిన పవర్‌బ్యాంకు వేసుకుని బయల్దేరండి.